ఇంట్లోకి వచ్చింది ఏ పాము?

వానలు మొదలైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగం పాముల గురించే ఉంటాయి. చాలామంది ఫొటోలు కూడా పంపిస్తారు, వాటిలో ఎక్కువ చచ్చిపోయిన పామువే, తల నలిగిపోయి ఉంటుంది, పక్కనే కర్ర పడి ఉంటుంది. ఆ ఫొటోలు చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది, ఎందుకంటే అందులో చాలావరకు మనిషికి ఏ హానీ చేయనివే. ఇంకో రకం ఉత్తరాలూ వస్తాయి, "అది విషం లేని పామే అనుకుని ఊరుకున్నాం" అని మొదలయ్యేవి. అవి చదవడం ఇంకా కష్టం. ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి దగ్గర్లోని పొదల్లో వదిలిపెట్టే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి, ఈసారి శీర్షిక మొత్తం పాములకే ఇచ్చేశాను.

ప్రశ్న: రాత్రి తొమ్మిదింటికి బాత్రూమ్ కిటికీ పక్కన గోడ మీద మూరెడు పొడవున్న పాము కనిపించింది. ఒళ్లు గోధుమ రంగు, అడ్డంగా తెల్లటి పట్టీలు. మావారు కట్లపాము అని చంపేశారు. మా అత్తయ్యగారేమో కట్లపాము గోడ ఎక్కదు, అది ఏమీ చేయని పాము అంటున్నారు. ఎవరి మాట నిజం?

జవాబు: మీరు పంపిన ఫొటో చూశానమ్మా. అది కట్లపాము కాదు, వుల్ఫ్ స్నేక్ అంటారు దాన్ని, తెలుగులో కొందరు తోడేలు పాము అని రాస్తున్నారు. విషం లేదు. ఇళ్లలోకి అది వచ్చేది బల్లుల కోసం, అందుకే గోడల మీద, కిటికీ రెక్కల సందుల్లో, ట్యూబ్‌లైట్ దగ్గర కనిపిస్తుంది. కట్లపాము అనుకుని జనం చంపేసే పాముల్లో మొదటిది ఇదే.

రెంటికీ తేడా ఎక్కడ చూడాలో చెబుతాను. కట్లపాము ఒళ్లు నల్లగా, కొంచెం నీలం కలిసిన నలుపుతో, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ ఉంటుంది. దాని మీద తెల్లటి సన్న చారలు, చాలాసార్లు రెండేసి జతగా. ముఖ్యమైన విషయం, ఆ చారలు తల దగ్గర మొదలుకావు. పెద్ద కట్లపాముకి మెడ దగ్గర నుంచి కొంత దూరం ఒళ్లు దాదాపు ఖాళీగానో, చిన్న చిన్న తెల్ల చుక్కలతోనో ఉండి, వెనక్కి వెళ్లేకొద్దీ చారలు స్పష్టమై తోక దాకా సాగుతాయి. వుల్ఫ్ స్నేక్‌కి సరిగ్గా దీనికి తిరగబడి ఉంటుంది. పట్టీలు మెడ దగ్గరే వెడల్పుగా, స్పష్టంగా మొదలై తోక వైపు వెళ్లేసరికి మాసిపోతాయి. పట్టీ పక్కలకి దిగేచోట రెండుగా చీలినట్టు, చెదిరినట్టు ఉంటుంది. ఒళ్లు గోధుమ రంగో, బూడిద రంగో.

కట్లపాము వెన్ను మీద మధ్యలో ఒక వరుస పొలుసులు మిగతావాటికంటే పెద్దగా, ఆరు మూలలతో ఉంటాయి. అది చాలా నమ్మకమైన గుర్తే, కానీ దాన్ని చూడాలంటే పాముకి అంత దగ్గరగా వెళ్లాలి, కాబట్టి బతికున్న పాము విషయంలో ఆ గుర్తు మీకు పనికిరాదు. చచ్చిన పాము ఫొటోలో నేను చూసేది మాత్రం ముందుగా అదే.

మీ అత్తయ్యగారి మాట చాలావరకు నిజం, నున్నటి గోడలు ఎక్కడంలో కట్లపాముకి పెద్ద నేర్పు లేదు. అయినా దాన్ని సూత్రంగా పెట్టుకోవద్దు. కట్లపాము పిల్లల్లో పట్టీలు మెడ దాకా ఉండొచ్చు, కొన్ని పెద్దవాటికి చారలు దాదాపు కనిపించకుండానే పోతాయి. రాత్రిపూట, సెల్‌ఫోన్ లైట్ వెలుగులో, గుండె దడదడలాడుతుండగా ఈ తేడాలు కనిపెట్టడం నాకే కష్టమైన సందర్భాలున్నాయి. రాత్రి కనిపించిన చారల పాముని కట్లపాము అనుకునే జాగ్రత్తపడండి. జాగ్రత్త అంటే దూరంగా ఉండటం, చంపడం కాదు.

కట్లపాము గురించి ఒక్కటి గట్టిగా చెప్పాలి. అది రాత్రి తిరిగే పాము, దాని కాటు చాలామందికి నొప్పి కూడా తెలియదు, దోమ కుట్టినట్టు అనిపించి మళ్లీ నిద్రపోతారు. వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, గొంతు పట్టేసినట్టు ఉండటం, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. నేల మీద పడుకునేవాళ్లే దీనికి ఎక్కువగా గురవుతారు, అందుకని మంచం మీద, దోమతెర పరుపు కిందకి దోపుకుని పడుకోమని కనిపించిన ప్రతివాళ్లకీ చెబుతాను. నేల మీద పడుకున్న మనిషి తెల్లారేసరికి కారణం తెలియకుండా రెప్పలు ఎత్తలేకపోతుంటే, ఒంటి మీద గాటు కనిపించినా కనిపించకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మా పశువుల కొట్టంలో పగటిపూట ఆరడుగుల పాము తిరుగుతోంది. పసుపు కలిసిన గోధుమ రంగు. పడగ ఎప్పుడూ చూడలేదు. జెర్రిపోతు అని కొందరు, త్రాచు అని కొందరు. జెర్రిపోతు త్రాచుపాముకి మగది అని కూడా అంటున్నారు, నిజమేనా?

జవాబు: ఆఖరిది ముందు చెబుతాను. కాదండీ. జెర్రిపోతుల్లో జెర్రిపోతు ఆడ, మగ ఉంటాయి, త్రాచుల్లో త్రాచు ఆడ, మగ ఉంటాయి. రెండు వేరు వేరు జాతులు, కలవవు. రెండు పాములు పెనవేసుకుని సగం ఎత్తున పైకి లేచి ఊగుతుంటే అది జత కట్టడం అనుకుంటాం, అది ఎక్కువసార్లు రెండు మగ జెర్రిపోతుల కుస్తీ. ఎవరు బలవంతులో తేల్చుకోవడానికి ఒకదాన్ని ఒకటి కిందకి నొక్కుతాయి, అంతే.

"పడగ లేదు కాబట్టి త్రాచు కాదు" అనే లెక్కే నాకు భయం. త్రాచు పడగ విప్పేది బెదిరినప్పుడు మాత్రమే. దాని మానాన అది పోతున్నప్పుడు పడగ ఉండదు, మామూలు గోధుమరంగు పాములా ఉంటుంది. పడగ వెనక కళ్లజోడు గుర్తు కూడా అన్ని త్రాచులకీ ఉండదు, కొన్నింటికి మసకగా ఉంటుంది, కొన్నింటికి అసలు ఉండదు.

మరి ఏం చూడాలంటే, మూతి చూడండి, దూరం నుంచే, కుదిరితే ఫోన్‌లో జూమ్ చేసి. జెర్రిపోతు పెదవుల మీద నిలువుగా సన్నటి నల్ల గీతలు, పొలుసుకీ పొలుసుకీ మధ్య గీసినట్టు వరసగా ఉంటాయి. కళ్లు పెద్దవి, తల మెడకంటే కొంచెం వెడల్పుగా విడిగా తెలుస్తుంది, ఒంటి వెనక భాగంలో, తోక మీద నల్లటి అడ్డచారలు వల అల్లినట్టు ఉంటాయి. త్రాచుకి పెదవుల మీద అలా వరస గీతలు ఉండవు, తల మెడతో దాదాపు కలిసిపోయి ఉంటుంది, మెడ కింద పొట్ట వైపు ఒకటి రెండు వెడల్పాటి నల్ల పట్టీలు ఉంటాయి, తల ఎత్తితే అవి కనిపిస్తాయి. నడక కూడా తేడా. జెర్రిపోతు పగలు తిరుగుతుంది, మనిషి అలికిడి వింటే బాణంలా పోతుంది, దొరక్క దొరక్క మూలకి చిక్కితే మాత్రం మెడను పక్కల నుంచి నొక్కినట్టు ఎత్తుగా ఉబ్బించి గుర్రుమంటుంది. చూసినవాళ్లు పడగ అనుకుంటారు. త్రాచు పడగ అడ్డంగా విప్పుకుంటుంది, చేయి చాచినట్టు.

మీరు రాసిన పొడవు, రంగు, పగటిపూట తిరగడం చూస్తే మీ కొట్టంలో ఉన్నది జెర్రిపోతే అయ్యుంటుంది, ఎలుకల కోసం వచ్చింది. అది తోకతో కొడితే పశువులు చస్తాయని, గేదెల కాళ్లకి చుట్టుకుని పాలు తాగుతుందని చెప్పే మాటల్లో ఏదీ నిజం కాదు, పాము నోటికి పాలు పీల్చే ఏర్పాటే లేదు. దాన్ని వదిలేయండి అని అడగడం నాకు తేలికే, మీకు దడుపు ఉంటుందని తెలుసు. కానీ అది పోతే ఎలుకలు పెరుగుతాయి, ఆ ఎలుకల కోసం ఈసారి త్రాచు రావచ్చు.

ప్రశ్న: తల త్రికోణంగా ఉంటే విషపాము, గుండ్రంగా ఉంటే విషం లేని పాము అని మా పిల్లలకు క్లాసులో చెబుతుంటాను. సరిగ్గానే చెబుతున్నానా?

జవాబు: మాస్టారూ, దయచేసి రేపే ఆ పాఠం మార్చండి. మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసే నాలుగు పాములు త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఇందులో మొదటి రెంటికీ తల త్రికోణంగా ఉండదు. మీ సూత్రం ప్రకారం మీ పిల్లవాడు కట్లపాముని చూసి "గుండ్రటి తల, ఏం కాదు" అనుకుంటాడు. ఇంకోవైపు నీరుకట్టు పాము భయపడితే తల పలచగా నొక్కి త్రికోణం చేస్తుంది, కొండచిలువ తలా దాదాపు అలాగే ఉంటుంది, వాటికి విషం లేదు.

కంటిపాప నిలువుగా ఉంటే విషం అనే మాట కూడా ఇలాంటిదే, త్రాచు కంటిపాప గుండ్రంగానే ఉంటుంది. ఒకే ఒక్క గుర్తుతో విషపాముని తేల్చే చిట్కా లేదు. పిల్లలకి ఆ నాలుగు పాముల బొమ్మలు చూపించి వాటిని ముఖాలు గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేలా నేర్పండి, నాలుగే కదా, పిల్లలు మనకంటే త్వరగా పట్టేస్తారు. దాంతోపాటు, తెలియని పాము కనిపిస్తే పది అడుగులు వెనక్కి వేసి పెద్దవాళ్లని పిలవాలని నేర్పండి.

ప్రశ్న: కట్టెల మోపు దగ్గర లావుపాటి పాము చుట్ట చుట్టుకుని ఉంది. కొండచిలువ పిల్ల అనుకుని మావాడు గోనెసంచిలో వేద్దామని వెళ్లాడు. అది కుక్కర్ విజిల్ వేసినట్టు బుస కొట్టేసరికి వెనక్కి పరుగెత్తాడు. ఏమిటది?

జవాబు: ఆ బుసే మీవాణ్ణి కాపాడింది. అది రక్తపింజర, నాకు అనుమానం లేదు. అంత గట్టిగా, అంతసేపు ఆగకుండా బుసకొట్టే పాము మన ఇళ్ల చుట్టుపక్కల ఇంకోటి లేదు.

కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకుని కాటు తిన్నవాళ్లు చాలామంది ఉన్నారు, కాబట్టి ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రక్తపింజర వెన్ను మీద గోధుమరంగు మచ్చలు గొలుసు కట్టినట్టు మూడు వరసలుగా ఉంటాయి, మధ్యలో ఒకటి, పక్కలకి చెరొకటి. ప్రతి మచ్చా కోడిగుడ్డు ఆకారంలో, చుట్టూ నల్ల అంచుతో, ముద్ర కొట్టినట్టు పద్ధతిగా ఉంటుంది. కొండచిలువ మచ్చలకి పద్ధతి ఉండదు, ఒకదానికొకటి పోలిక లేకుండా అడ్డదిడ్డంగా, పెద్ద పెద్ద పలకల్లా ఉంటాయి. ఇంకో పాము కూడా గందరగోళపెడుతుంది, మట్టిలో దూరి ఉండే సాండ్ బోవా. దాని మచ్చలూ గోధుమరంగే, కానీ అవి వంకరటింకరగా ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. తోక చూస్తే తేలిపోతుంది, సాండ్ బోవా తోక పొట్టిగా, మొద్దుగా, గరుకుగా ఉంటుంది, రక్తపింజర తోక సన్నగా కొనదేరుతుంది. సాండ్ బోవాకి విషం లేదు. దాని దగ్గరి బంధువే రెండు తలల పాము, తోక కూడా తలలాగే మొద్దుగా ఉండటంతో ఆ పేరు వచ్చింది. అదృష్టం తెస్తుందని లక్షలకి బేరాలు పెట్టి మోసం చేసే ముఠాలు దీని వెనకే తిరుగుతాయి, ఆ మాయలో పడకండి, అమ్మినా కొన్నా జైలే.

చిన్నపింజర సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది అడుగు, అడుగున్నరకి మించి పెద్దగా పెరగదు, రాళ్లు, పొడినేల ఉన్నచోట ఉంటుంది. బెదిరితే ఒంటిని వంపులు వంపులుగా చుట్టుకుని పొలుసులు ఒకదానికొకటి రుద్దుతుంది, రంపంతో కోస్తున్నట్టు గరగరమని చప్పుడు వస్తుంది. తల మీద బాణం ములుకులాంటి తెల్ల గుర్తు ఉంటుంది. చిన్నది కదా అని చులకన చేయొద్దు, కాటు వేయడంలో దాని వేగం కంటికి ఆనదు.

ప్రశ్న: బాత్రూమ్ జాలీలోంచి వానపాములా సన్నగా, నల్లగా, మెరుస్తూ ఒకటి వస్తోంది. పాము పిల్లా?

జవాబు: గుడ్డిపాము. అది పిల్ల కాదు, పెరిగినా జానెడు కూడా ఉండదు. వానపాముకి ఒంటి మీద ఉంగరాల్లా గీతలుంటాయి, దీనికి ఉండవు, నున్నగా ఉండి చిన్న నాలుక బయటికి ఆడిస్తుంది. చీమల, చెదపురుగుల గుడ్లు తిని బతుకుతుంది, మనల్ని కరవలేదు. వింత ఏమిటంటే వీటిలో మగవి లేనే లేవు, అన్నీ ఆడవే, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. చీపురుతో కాగితం మీదకి ఎక్కించి మొక్కల దగ్గర మట్టిలో వదిలేయండి. మనసు కుదుటపడకపోతే జాలీకి సన్నటి దోమతెర మెష్ వేయించండి.

ప్రశ్న: మల్లెపందిరిలో ఆకుపచ్చ పాము ఉంది. కళ్లు పొడుస్తుందంటే పూలు కోయడానికి భయంగా ఉంది.

జవాబు: పసిరిక పాము. మూతి పొడుగ్గా సూదిలా ఉండటంతో, మొహం ఎత్తులో కొమ్మల మధ్య ఉండటంతో కళ్లు పొడుస్తుందన్న పేరు పడింది కానీ అది కళ్లకి గురిపెట్టదు. దానికి కొద్దిపాటి విషం ఉంది, బల్లుల్ని, కప్పల్ని లొంగదీసుకునేంత, మనిషికి మహా అయితే కాస్త వాపు, మంట. పందిరిని ఒక పొడవాటి కర్రతో నెమ్మదిగా కదిపి, కాసేపాగి పూలు కోసుకోండి, అది వెళ్లిపోతుంది.

ప్రశ్న: చెరువు గట్టున మా పదేళ్ల అబ్బాయిని పాము కరిచింది. నీరుకట్టు అని పక్కవాళ్లు చెప్పారు. కాలికి తాడు గట్టిగా కట్టి, ఆకు పసరు వేశాం. రెండు గాట్లు లేవు కాబట్టి విషం లేదన్నారు. ఆసుపత్రికి వెళ్లలేదు. బాబు బాగానే ఉన్నాడు. మేం చేసింది సరైనదేనా?

జవాబు: బాబు బాగున్నాడని చదివి ఎంత సంతోషమేసిందో చెప్పలేనమ్మా. మీరు రాసిన గుర్తులు, ఒంటి మీద చదరంగం గళ్లు, కంటి కింద నుంచి పెదవి మీదకి ఏటవాలుగా రెండు నల్ల గీతలు, ఇవి నీరుకట్టువే. దానికి విషం లేదు, కోపం మాత్రం ఎక్కువ, వెంటనే కరుస్తుంది, రక్తం కూడా బాగానే వస్తుంది. కానీ మీరు చేసింది సరైనది కాదు. కరిచింది నీరుకట్టు కావడం మీ అదృష్టం, మీ వైద్యం వల్ల కాదు. నొప్పించాలని కాదు, రేపు ఈ కథ పక్కింటివాళ్లకి చెబుతారు, వాళ్లు కట్లపాము కాటుకి తాడు కడతారు, అందుకే ఇలా సూటిగా రాస్తున్నాను.

గాట్ల లెక్క నమ్మకండి. విషపాము ఒక్క కోరే దించవచ్చు, గీరుకుపోవచ్చు, కట్లపాము గాటు అసలు కనిపించకపోవచ్చు. విషం లేని పాము కాటు కూడా రెండు చుక్కల్లా పడొచ్చు. విషపాము కరిచినా ఒక్కోసారి విషం ఎక్కించదు, అలా బతికినవాళ్ల పేరు మీదే పసరులకీ మంత్రాలకీ కీర్తి వస్తుంది.

తాడు గట్టిగా కడితే కాలికి రక్తం అందదు, పింజర కాటులో విషం అక్కడే నిలిచి కండ కుళ్లుతుంది, కాలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. పైగా ఆ కట్టు ఒక్కసారిగా విప్పితే ఆగిన విషం ఒంట్లోకి ఒక్కసారిగా పాకుతుంది. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం, ఏదీ వద్దు.

చేయాల్సింది చాలా తక్కువ. మనిషిని కదలనివ్వకుండా పడుకోబెట్టండి, ధైర్యం చెప్పండి, భయంతో గుండె వేగం పెరిగితే మంచిది కాదు. కరిచిన కాలికో చేతికో ఎముక విరిగినప్పుడు కట్టినట్టు చెక్క ఆసరా పెట్టి వదులుగా కట్టండి. వాపు వచ్చేలోపే ఉంగరాలు, గాజులు, పట్టీలు, మొలతాడు తీసేయండి. ఎన్ని గంటలకి కరిచిందో గుర్తుపెట్టుకోండి. 108కి ఫోన్ చేయండి, ఆలస్యమవుతుందనిపిస్తే బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకునైనా బయల్దేరండి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లండి.

పాముని చంపి సంచిలో తేవాల్సిన పని లేదు. ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు పైన చెప్పిన నాలుగు పాముల విషానికీ కలిపి తయారుచేసింది. ఏ పామో తెలియకపోయినా డాక్టర్లు లక్షణాలు చూసి మందు ఇస్తారు, రెప్పలు వాలుతున్నాయా, వాపు పైకి పాకుతోందా అని చూస్తారు, కొంచెం రక్తం తీసి గాజు గొట్టంలో ఇరవై నిమిషాలు కదపకుండా పెడతారు, అప్పటికీ గడ్డకట్టకపోతే పింజర విషం పని చేస్తోందని అర్థం. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో తీయగలిగితే మంచిదే, దాని కోసం ఒక్క నిమిషం కూడా వృథా చేయకండి. ఆ మందుకి కావాల్సిన విషంలో ఎక్కువ భాగం చెన్నై దగ్గర ఇరుళ తెగవాళ్లు 1978లో పెట్టుకున్న సహకార సంఘం నుంచి వస్తోంది. ఒకప్పుడు పాము చర్మాల కోసం వేటాడిన ఆ కుటుంబాలే ఇప్పుడు పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతున్నాయి.

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద పరిశోధన లెక్కగట్టింది, అంటే ఏడాదికి సగటున 58 వేలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు లోపే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో మన తెలుగు నేలా ఉంది. పాము ఏదో తేల్చుకోవడానికి ఇంట్లో కూర్చుని గడిపే ఒక్కో గంటా ఆ లెక్కలోకే పోతోందమ్మా. ఏ పాము కరిచినా ఆసుపత్రికి వెళ్లండి, ఒక రోజంతా వాళ్ల కళ్ల ముందు ఉండండి. నీరుకట్టే అని తేలితే టీటీ ఇంజెక్షన్ వేసి పంపించేస్తారు, పోయేదేమీ లేదు.

ప్రశ్న: ఇంటి చుట్టూ వెల్లుల్లి నీళ్లు, ఫినాయిల్, బ్లీచింగ్ పౌడర్ చల్లితే పాములు రావంటూ మెసేజ్‌లు వస్తున్నాయి. పని చేస్తాయా?

జవాబు: చేయవు. ఫినాయిల్ చల్లిన గడప మీదుగానే లోపలికి వచ్చిన త్రాచుని నేను పట్టుకున్నాను. ఆ డబ్బుతో తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించండి, వేలు పట్టేంత సందు చాలు కట్లపాము దూరడానికి. నీళ్లు బయటికి పోయే గొట్టాలకి జాలీ బిగించండి. ఇటుకల కుప్పలు, పాత టైర్లు, కట్టెలు గోడకి ఆనించి పెట్టకండి. ఎలుకలు రాకుండా గింజలు, దాణా మూతలున్న డబ్బాల్లో పెట్టండి, ఎలుక లేని ఇంటికి త్రాచు పనిగట్టుకుని రాదు. రాత్రి బయటికి వెళ్తే టార్చ్, చెప్పులు తప్పనిసరి. బూట్లు వేసుకునే ముందు దులపండి.

ప్రశ్న: మెట్ల కింద జానెడు పాము పిల్ల పడగ విప్పింది. తల్లి కూడా ఇక్కడే ఉంటుందా? దాన్ని చంపితే తల్లి పగబడుతుందా?

జవాబు: పగ అనేది పాముకి లేదు, ఎవరు ఏం చేశారో గుర్తుపెట్టుకునేంత బుర్ర దానికి లేదు. ఒకటి కనిపించినచోట ఇంకోటి కనిపించడానికి కారణం తిండి, దాక్కునే చోటు ఒకటే కావడం. త్రాచు తల్లి గుడ్లకి కాపలా కాస్తుంది కానీ పిల్లలు బయటికి వచ్చాక వాటిని పెంచదు. అందుకని తల్లి లేకపోవచ్చు, తోబుట్టువులు మాత్రం ఉండే అవకాశం చాలా ఎక్కువ, ఎందుకంటే ఒక్కో విడతలో డజను పైనే గుడ్లు ఉంటాయి. రక్తపింజర గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్ని కంటుంది, ఒక్కోసారి ముప్పై నలభై. ఈ పిల్లలన్నింటికీ పుట్టినప్పటి నుంచే కోరలూ విషమూ ఉంటాయి, చేత్తో ముట్టుకోవద్దు. పిల్ల కాటే పెద్దదానికన్నా ప్రమాదం అన్న మాట మాత్రం నమ్మకండి, పెద్దపాము దగ్గర విషం ఎక్కువ ఉంటుంది. మెట్ల కింద సామాను మీరు కదపకుండా, పాములు పట్టేవాళ్లని పిలిచి మొత్తం వెతికించండి.

ప్రశ్న: నాకు ఇరవై రెండేళ్లు. వీడియోలు చూసి పాములు పట్టడం నేర్చుకుంటున్నాను. రెండు జెర్రిపోతుల్ని పట్టాను. ఇక త్రాచుని పట్టొచ్చా?

జవాబు: వద్దు తమ్ముడూ. నీ ప్రేమ నాకు అర్థమవుతోంది, నేనూ అలాగే మొదలయ్యాను, అందుకే చెబుతున్నాను. వీడియోల్లో కనిపించేది పది నిమిషాలు, దాని వెనక ఎన్నేళ్ల సాధన ఉందో, ఎన్ని కాట్లు ఉన్నాయో చూపించరు. ఏళ్ల తరబడి పాములు పట్టినవాళ్లే కాట్లకి చనిపోయారు. పైగా 1972 వన్యప్రాణి చట్టం కింద జెర్రిపోతు, త్రాచు, రక్తపింజర అన్నింటికీ రక్షణ ఉంది, చంపడమే కాదు, అనుమతి లేకుండా పట్టడం కూడా నేరమే. నిజంగా ఈ పని చేయాలనుంటే మీ అటవీశాఖ కార్యాలయానికి వెళ్లి, గుర్తింపు ఉన్న రెస్క్యూ బృందంతో కలిసి పని చేస్తానని అడుగు. మొదటి ఏడాది నువ్వు పాముని ముట్టుకోవు. జనాన్ని వెనక్కి పంపడం, లైటు పట్టుకోవడం, కుక్కని కట్టేయించడం, పాము ఏ సందులోకి పోయిందో రెప్ప వేయకుండా చూస్తూ ఉండటం, ఇవే నీ పనులు.

ఈలోపు మీ వీధిలో ఎవరింట్లోనైనా పాము దూరితే నువ్వు చేయగలిగింది ఉంది. పిల్లల్ని, పెంపుడు జంతువుల్ని బయటికి పంపు. పాము ఉన్న గది తలుపు మూసి, కింద సందులో తడిగుడ్డ కుక్కు. బయటికి పోయే దారి ఉంటే ఆ ఒక్క తలుపు తెరిచి అందర్నీ దూరంగా నిలబెట్టు, చాలాసార్లు పాము తనంతట తానే వెళ్లిపోతుంది. పోకపోతే పట్టేవాళ్లు వచ్చేదాకా దూరం నుంచి దాని మీద ఒక కన్ను వేసి ఉంచు, కర్ర మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకు.